నైట్‌పాళీ మనిషి

నిజం చెప్పి ఒక మనిషి నోటికాడి కూడు తీసేసిన రోజు మీ బతుకులో ఉందా? వెంటనే లేదనకండి. అబద్ధం ఆడిన రోజు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. నిజం చెప్పిన రోజును మాత్రం నలుగురికీ చూపించుకుని తిరుగుతాం, దాని కింద ఎవరు నలిగారో వంగి చూడం. ముప్పై ఏళ్ళకు పైగా నేను ముహూర్తాల మీద, దిష్టి బొమ్మల మీద, శకునాల మీద రాస్తున్నాను. నేనంటే గిట్టనివాళ్ళు కూడా ఆమె ఎవరికీ జంకదని ఒప్పుకుంటారు. ఆ పేరు నాకు మొదట ఎక్కడ వచ్చిందో, ఎవరి పొట్ట కొడితే వచ్చిందో ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అమ్మ పోయింది. ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు అంబులెన్సులో కూర్చుని నా వైపు చెయ్యి ఊపింది, ఊరికి పోతున్న మనిషిలా. తర్వాత నేను చూసింది దూరం నుంచి, కట్టేసిన మూటని. ఈ గుజరాతీ నగరంలో, భేస్తాన్‌లో మా రెండు గదుల ఇంట్లో పద్నాలుగు రోజులు ఒక్కదాన్నే ఉన్నాను. పక్కింటివాళ్ళు గడప బయట గిన్నె పెట్టి, తలుపు కొట్టి, నేను తీసేలోపు మెట్లు దిగిపోయేవారు. వాళ్ళను తప్పు పట్టను, భయం అలాంటిది. మొదటిసారి లాక్‌డౌన్ పెట్టినప్పుడు మగ్గాలు ఆగిపోయి, మన పాలమూరు, సిరిసిల్ల వైపు వాళ్ళు రైళ్ళెక్కి వెళ్ళిపోయినప్పుడు కూడా అమ్మా నేనూ ఇద్దరం ఉన్నాం. ఇప్పుడు పొద్దున ఒక గ్లాసు చాయ్ పెట్టుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. చెయ్యి రెండు గ్లాసుల నీళ్ళే పోసేది.

ఆ రోజుల్లో బంధువులు ఫోన్లు చేశారు. అందరూ ఒకే మాట: పాపం, మొగుడు పోయిన కాన్నుంచి తల వంచుకుని బతికింది, ఎవరితో గట్టిగా నవ్వింది లేదు. నిజమే. మేం ముందున్న నవాగామ్ గల్లీలో, మా కులపోళ్ళ మధ్య అమ్మ అంతే. చీర కొంగు నుదుటి దాకా కప్పుకుని, చీరలకు అద్దాల రాళ్ళు అతికించుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. కానీ నేను ఇంకో అమ్మను, ఇంకో నర్సవ్వను చూశాను. గట్టిగా నవ్వే మనిషి, పక్కవాళ్ళను ఆటపట్టించే మనిషి, మొగుడి మీద చాడీలు చెప్పే మనిషి. ఆ నర్సవ్వ చేపల రేవులో ఉండేది. ఆమె పోయిందని ఆ రేవులో ఎవరికీ తెలియదని పన్నెండో రోజునో పదమూడో రోజునో తట్టింది. తట్టిన తర్వాత నిద్ర పట్టలేదు.

మేము నేతపని వాళ్ళం. మా నాయిన మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. నేను ఎనిమిదో తరగతి దాటాక కామెర్లు వచ్చి పోయాడు. చేపల రేవుకూ మాకూ ఏ సంబంధమూ లేదు. నాయిన పోయిన కొన్నాళ్ళకు పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే ఆమె ఎండుచేపలు చవకగా దొరుకుతాయని అమ్మను వెంట తీసుకుపోయింది. తాపీ నది సముద్రంలో కలిసే వైపు, ఉధ్నా దర్వాజా దగ్గర బస్సు మారి వెళ్ళాలి. అక్కడ ఒడ్డున ఆడవాళ్ళు చిరిగిన వలలు ముందేసుకుని బాగుచేస్తున్నారు. నైలాను దారం, జారిపోతుంది. ఒకామె వేసిన ముడి మళ్ళీ మళ్ళీ ఊడుతుంటే అమ్మ చూసి చూసి ఉండబట్టలేక వంగి, ఆ దారం అందుకుని, మగ్గం మీద తెగిన పోగును అతికే మన సాలోళ్ళ ముడి వేసింది. నైలాను కాబట్టి ఇంకో చుట్టు ఎక్కువ తిప్పింది. ఆమె రెండు చేతులా లాగినా ఊడలేదు. వల ముడీ, పోగు ముడీ ఒకటేనని అమ్మకు ఆ రోజే తెలిసింది. ఆ వల గలామె జమునామాసి. రెండు పడవలున్న ఇంటి కోడలు. రేపటి నుంచి రమ్మంది. అని, మీ ఆయన ఏం చేస్తాడని అడిగింది.

ఎందుకడిగిందో అమ్మకు అర్థమైంది. పది అడుగుల అవతల ఒక ముసలామె ఒక్కతే కూర్చుని ఎండు రొయ్యలు ఏరుతోంది. ఎవరూ ఆమె దగ్గరికి పోవడం లేదు, వలలున్న వైపు ఆమె రావడం లేదు. మొగుడు పోయిన ఆడది ముట్టిన వలకు చేప పడదని అక్కడి నమ్మకం. అమ్మ బోడి నుదుటి మీద కొంగు సర్దుకుని, తడుముకోకుండా, కార్ఖానాలో నైట్‌పాళీ చేస్తాడు, పగలంతా పడుకుంటాడు అంది.

అలా మా నాయిన రేవులో ఇంకో మూడేళ్ళు బతికాడు. పొద్దున్నే అమ్మ నవాగామ్‌లో బోడి నుదురుతో బయలుదేరేది. ఉధ్నా దర్వాజా దగ్గర రెండో బస్సు కోసం నిలబడి, చీర చెంగులోంచి చిన్న డబ్బా తీసి బొట్టు పెట్టుకునేది, మట్టెలు తొడుక్కునేది. సాయంత్రం అదే చోట తీసేసేది. ఇంటికొచ్చాక చింతపండు నీళ్ళతో మోచేతుల దాకా తోముకునేది. మా ఇంటి ఓనరు గుడ్డు వాసన కూడా పడని మనిషి, చేపల కంపు వస్తే ఖోలీ ఖాళీ చేయిస్తాడు. ఇంత జాగ్రత్త పడుతూనే అమ్మ ఆ రోజుల్లో కాస్త ఒళ్ళు చేసింది. పాట కూడా పాడేది, నోట్లో నోట్లో.

సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. రేవులో గడియారంతో పని లేదు. పోటుకు నీళ్ళెక్కితే పనులు మొదలు, పాటుకు నీళ్ళు తీస్తే పడవలన్నీ బురదలో ఒక పక్కకు ఒరిగి ఎండలో పడుకున్న దున్నపోతుల్లా ఉండేవి. ఏ తిథికి నీళ్ళు ఎంత పైకొస్తాయో పదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. పడవ ఆనగానే ఆడవాళ్ళు మోకాటి లోతు బురదలో దిగి గంపలు అందుకునేవాళ్ళు. బూమ్లా చేపలు వెదురు దండేల మీద నోటికి నోరు తగిలించి ఆరేసేవాళ్ళు, తెల్లగా, బట్టలారేసినట్టు. డీజిలు, తారు, ఎండిన ఉప్పు, చేప, అన్నీ కలిసిన ఆ వాసన మొదట కడుపులో తిప్పుతుంది, వారం రోజులకు ఆకలి పుట్టిస్తుంది. వలల గుట్ట మీద ఆనుకుని నేను పుస్తకం చదువుకునేదాన్ని. అమ్మ మాటలు చెవిన పడేవి. తన వచ్చీరాని హిందీలో, నిన్న మా ఆయన కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడనీ, దగ్గు తగ్గడం లేదనీ, బిడ్డ చదువంటే ప్రాణమనీ చెప్పేది. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. జమునామాసి మా నాయిన దగ్గుకు వాము మూట కట్టి పంపేది. ఆ వాము తెచ్చి అమ్మ డబ్బాలో పోసి దాచేది.

నాకు ఒళ్ళు మండేది. అప్పటికి నాకు పద్దెనిమిది. ఉధ్నా రైల్వే క్వార్టర్సులో ఒక తెలుగు గుమాస్తా ప్రతి ఆదివారం మా లాంటి పది పన్నెండు మందిని కూర్చోబెట్టి చర్చలు పెట్టించేవాడు. మేమంతా రైల్వే మాస్టారు అనేవాళ్ళం. దేవుడున్నాడా, కులం ఎందుకు, విధవకు బొట్టు ఎవరు తీశారు, ఇలాంటివి. ఆధారం చూపించు, ఎదుటివాడు ఒప్పుకుని తీరాలి, ఇదీ ఆయన నేర్పిన సూత్రం. నేను గెలవని చర్చ ఉండేది కాదు. అలాంటి నాకు, మా అమ్మ బస్టాపులో దొంగలా బొట్టు పెట్టుకోవడం, చచ్చిపోయిన మా నాయిన గురించి అబద్ధాలు చెప్పి నవ్వడం సిగ్గుగా ఉండేది. బొట్టు పెట్టుకుంటే రెండు చోట్లా పెట్టుకో, లేదంటే రెండు చోట్లా మానెయ్యి అని ఒకసారి అన్నాను. అమ్మ నా కంచంలో అన్నం వేస్తూ, నీకు పెండ్లయితె తెలుస్తది అంది. నేను చర్చలో గెలిచాననుకున్నాను.

వానలు తగ్గాక వచ్చే పున్నమికి అక్కడి జాలర్లు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి కొత్త వేట మొదలుపెడతారు. ఆ రోజు కొత్త వలకు మొదటి ముడి ఒక ముత్తైదువ చేత వేయిస్తారు. ఆ ఏడు జమునామాసి ఇంట్లో కొత్త వల దిగింది. నర్సుబేన్ చెయ్యి పడ్డ వల ఖాళీగా రాలేదు, ఆమె చేతే వేయిస్తాను అని మాసి పట్టుబట్టింది. అక్కడ అమ్మను నర్సుబేన్ అనేవాళ్ళు. అమ్మను పీట మీద కూర్చోబెట్టారు. వల అంచుకు కుంకుమ పూశారు. పడవ మనుషులంతా స్నానాలు చేసి నిలబడ్డారు. అమ్మ మొహం చూశాను. భయం ఉంది, దాన్ని మించి సంతోషం ఉంది. నాకు మాత్రం ఇంతకంటే గట్టి ఆధారం జన్మలో దొరకదనిపించింది.

లేచి నిలబడి హిందీలో, చర్చలో మాట్లాడినట్టే మాట్లాడాను. "ఈమె మా అమ్మ. మా నాయిన పోయి మూడేళ్ళు దాటింది. మూడేళ్ళ నుంచి మీ వలలన్నీ ఒక విధవ వేసిన ముడులతోనే నీళ్ళలోకి పోయాయి. చేప పడలేదా? పడవ తిరిగి రాలేదా? మరి మీ నమ్మకం నిజమా అబద్ధమా, మీరే చెప్పండి."

ఎవరూ అరవలేదు. కొబ్బరికాయ పట్టుకున్నాయన దాన్ని మెల్లగా కింద పెట్టాడు. జమునామాసి, నిజమా నర్సుబేన్ అని అడిగింది. అమ్మ దారం ఒళ్ళోంచి తీసి వల మీద పెట్టి లేచింది. నన్ను పిలవలేదు. బస్సు దాకా నేనే వెనక నడిచాను. నా వెనక ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి: పోయినేడు చిరిగిన వల ఈమె వల్లనే, ఇంజను చెడింది ఈమె వల్లనే, ఫలానావాళ్ళ బిడ్డకు జ్వరం వచ్చింది ఈమె వల్లనే. మూడేళ్ళలో పడిన చేపలను ఒక్కరూ తలుచుకోలేదు. భయానికి ఆధారం చూపిస్తే అది ఒప్పుకోదు, ఆ ఆధారాన్నే తినేస్తుంది. రైల్వే మాస్టారు ఈ పాఠం చెప్పలేదు.

ఉధ్నా దర్వాజా దగ్గర అమ్మ బొట్టు తుడుచుకోవడం మరిచిపోయింది. అలాగే నవాగామ్ గల్లీలోకి వచ్చింది. మా వరసలోని ఆడవాళ్ళు నీళ్ళ పంపు దగ్గరున్నారు. ఒకామె బిందె పెట్టి, ఏందే నర్సవ్వా, ఎవనికోసం పెట్టినవ్ బొట్టు, అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఒక్క రోజులో రేవూ పోయింది, గల్లీలో మర్యాదా పోయింది. ఇంట్లో అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. పొయ్యి ముందు కూర్చుని, "నువ్వు జెప్పింది నిజమే గద బిడ్డా. మంచిగనే జెప్పినవ్. హిందీ గూడ మంచిగొచ్చింది నీకు" అంది. అంతే. చచ్చిపోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాయిన పేరు కూడా ఎత్తలేదు. కంచం తోసేసే, దగ్గే, బిడ్డ చదువు చూసి మురిసే ఆ మనిషి అక్కడ తప్ప ఇంకెక్కడా బతికి లేడని, అతన్ని నేనే రెండోసారి చంపానని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఆదివారం మాస్టారు మెచ్చుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా చేతిరాత పత్రికలో నా మొదటి వ్యాసం ఆ సంగతి మీదే. రాయడం నేను అక్కడ మొదలుపెట్టాను. అమ్మ రాళ్ళు అతికించడం కూడా ఆ వారమే మొదలుపెట్టింది.

పద్నాలుగు రోజులు దాటి, బయట తిరగనిచ్చి, వానలు కాస్త తగ్గాక రేవుకు వెళ్ళాను. అన్నేళ్ళలో ఒక్కసారీ పోనిదాన్ని. దారి పొడవునా అంతస్తుల ఇళ్ళు. చెక్క పడవల బదులు ఫైబరు పడవలు, వేట లేని కాలం కావడంతో ఒడ్డుకు ఎక్కించి ఉన్నాయి. బూమ్లా దండేలు అప్పటి వాటిలో పావు వంతు కూడా లేవు. వాసన మాత్రం అదే. జమునామాసి బతికే ఉంది. మాస్కు గడ్డం కిందకి లాక్కుని, తెల్ల చీరలో, గుమ్మంలో ఒక్కతే కూర్చుంది. మొగుడు పోయి చాలా కాలమైందట. అమ్మ పోయిన నెలలోనే కొడుకు కూడా కరోనాతో పోయాడట. నేనెవరో చెప్పాను. నన్ను కాసేపు తేరిపార చూసి, మా అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్క, ఇన్నేళ్ళు దాచి ఉంచిన ముక్క, బయటికి తీసింది: "జర కూసో."

అమ్మ పోయిందని చెప్పాను. ఆమె హిందీ గుజరాతీ కలిపి మాట్లాడుతుంది, నేను మన మాటల్లో రాస్తున్నాను. ఏడ్చింది. ఏడ్చి, నవ్వింది.

"మాకు తెల్వదనుకున్నవా? ఆరు నెలలకే తెలుసు. మా అన్న గూడ మగ్గాల కార్ఖానాల చేసిండు. వారం పగలు, వారం రాత్రి, పాళీ మారుతనే ఉంటది. మూడేండ్లు ఒక్కటే పాళీ చేసే మొగడు యాడుంటడు? నాలుగు నెలలకొకసారైనా పగటి పాళీ అని చెప్పాలని మీ అమ్మకు తోచలే."

కార్ఖానా పక్కనే పుట్టి పెరిగిన దాన్ని, ఆ తప్పు నాకూ కనిపించలేదు.

"తెలిస్తే పీట మీద ఎందుకు కూర్చోబెట్టారు?"

"చెయ్యి మంచిది. మనిషి మంచిది. ఎవరూ అడగలె, మేం చెప్పలె. నువ్వు జెప్పినంక తెల్వనట్టు ఎట్లుంటం?"

ఈ మాట విని కొందరు పాఠకులు తృప్తి పడవచ్చు: చూశావా, మన పెద్దవాళ్ళు ఎంత మంచివాళ్ళో, నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా అని. నేను ఒప్పుకోను. మాసితోనూ ఒప్పుకోలేదు. ఆ మంచితనం మా అమ్మకు దొరికింది, పది అడుగుల అవతల రొయ్యలు ఏరుకున్న ముసలామెకు దొరకలేదు. అబద్ధం ఆడగలిగినదానికి పని, ఆడలేనిదానికి ఎండ. నమ్మకం అబద్ధమని తెలిసీ దాన్ని కాపాడిన మౌనం అది. ఆ మాటే అన్నాను. నా తప్పు నాదే, కానీ ఆ రోజు నువ్వు ఒక్క మాట అని ఉంటే అమ్మ పని పోయేది కాదు కదా మాసీ అన్నాను. "అప్పుడు నాకు మొగడుండె, అత్త ఉండె. పడవ వాళ్ళది. నేనెవరు?" అంది.

ఇంటి వెనక ఆమె కోడలు హంస కూర్చుని వల బాగుచేస్తోంది. ముప్పై దాటలేదు. పాత వల. కొత్త వల ఇంటి ముందున్న వసారాలో, ఆమె చెయ్యి తగలకుండా ఉంది. వారంలో కొబ్బరికాయల పున్నమి. నా నాలుక మీద మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి, పద్దెనిమిదేళ్ళప్పటి కంటే పదునుగా. మింగేశాను. పోయి ఆమె పక్కన కూర్చుని, మొదటి ముడి నువ్వే వేయాలని నీకుందా అని అడిగాను. ఈ ప్రశ్న జీవితంలో మొదటిసారి అడుగుతున్నానని అడిగాక తెలిసింది. ఆమె తల ఎత్తకుండానే, "ఉంది. కానీ నా తరఫున నువ్వు మాట్లాడకు. బస్సెక్కి పోతవ్. మా అత్తను మాట్లాడమను, పడవ ఇప్పుడు ఆమె పేరు మీదనే ఉంది" అంది.

చీకటి పడేదాకా మాసితో వాదించాను. చుట్టూ చేరి వినేవాళ్ళు లేని వాదన అదొక్కటే నా బతుకులో. ఆమె ఒప్పుకున్నట్టు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. పున్నమి రోజు నేను వెనకాల, గోడ పక్కన నిలబడ్డాను. మాసి కర్ర పట్టుకుని లేచి, కోడలి చెయ్యి పట్టుకుని తెచ్చి, పీట మీద తన కొంగుతో తుడిచి కూర్చోబెట్టింది. "వల నాది, పడవ నాది, కోడలు నాది. మొదటి ముడి ఈమె వేస్తది. వద్దన్నోళ్ళు పోవచ్చు" అంది. ఐదుగురు పడవ మనుషుల్లో ముగ్గురు పోయారు. ఆ పోటుకు పడవ కదలలేదు, మర్నాటి పోటుకూ కదలలేదు. మిగతా పడవలన్నీ వెళ్ళిపోయిన ఒడ్డు మీద ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కూర్చుని ఉన్నారు. హంస వేసిన ముడిని రెండు చేతులా లాగి చూసుకుంది, ఊడలేదు. ఆ సంగతి ఇంటికి పోయి చెబుదామంటే అమ్మ లేదు. తిరుగు ప్రయాణంలో భేస్తాన్ బస్సులో, కరోనా దూరానికని, పక్క సీటు ఖాళీగా పెట్టమని అప్పటికింకా రాసి ఉంది.

ఈ రెండేళ్ళలో మన ఇళ్ళల్లో ఎందరు ఆడవాళ్ళకు మొగుళ్ళు పోయారో మీకు తెలుసు. ఆమె మీ చెల్లెలు కావచ్చు, మీ కోడలు కావచ్చు, పక్క ఖోలీ మనిషి కావచ్చు. తీర్మానాలు చేయకండి, నా వ్యాసం చదివి మెచ్చుకోకండి, ఆమెను వేదిక ఎక్కించి ఆధారంగా చూపించకండి. ఈ వారంలోనే ఆమె దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుని, నీకేం కావాలని అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. విన్నాక, మీ ఇంట్లో పడవ ఎవరి పేరు మీద ఉందో, ఎవరి మాట చెల్లుతుందో చూడండి. అది మీరే అయితే, లేచి నిలబడి మీ నోటితో, మీ పేరు మీద చెప్పండి. పోయేవాళ్ళను పోనివ్వండి. ఆ తర్వాత ఒడ్డున ఆమె పక్కనే కూర్చోండి, రెండు పోట్లు కాదు, ఎన్ని పోట్లయినా.